ఇసోగాయి గారి ఫుజి పందిరి

ఇసోగాయి తమోత్సు పెరట్లో ఉన్న ఫుజి పందిరి లాంటి పందిరి ఆ వాడలో ఇంకొకటి లేదు. ఆరు దేవదారు స్తంభాలు, వాటి మీద సమానమైన ఎడంలో వెదురు బద్దలు, బద్ద బద్దకూ నల్లతాడు ముడి. ముడులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. తీగ కూడా ఎక్కడా వంక పెట్టడానికి వీల్లేకుండా, చదునుగా, నలుచదరంగా పరుచుకుని ఉంటుంది. ఇంత చక్కని పందిరికి ఒక్కటే లోపం. పందొమ్మిదేళ్ళుగా దాని మీద ఒక్క పువ్వు పూయలేదు.

ఏప్రిల్ చివర్లో, తోటల్లో టీ ఆకు మొదటి కోత మొదలయ్యే రోజుల్లో, ఊరంతా ఫుజి తీగలు ఊదారంగు గుత్తులు వేలాడేసి పూస్తాయి. బడి గోడ మీద పూస్తుంది, చేపల కొట్టు వెనక పూస్తుంది, ఎవరూ నాటకుండానే కొండవాలున చెట్ల మీదికెక్కి మరీ పూస్తుంది. ఇసోగాయి పందిరి మాత్రం పచ్చగా, శుభ్రంగా, పూల ఊసే ఎరగనట్టు ఉండేది. ఇరుగుపొరుగు మర్యాదస్తులు కాబట్టి ఆ పందిరి కింద నిలబడి "ఆకులు భలే ఉన్నాయండీ" అనేవాళ్ళు. ఇసోగాయి ఆ మెచ్చుకోలు తీసుకుని తల పంకించేవాడు.

ఆయన మునిసిపల్ ఆఫీసులో భూముల కొలతల సెక్షన్లో ముప్పై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఒక హద్దురాయి బొటనవేలంత పక్కకు జరిగితే ఆయనకు అన్నం సయించేది కాదు. రిటైరయ్యాక కొలవడానికి ఊళ్ళో నేల మిగల్లేదు గనక ఇంట్లో వస్తువుల మీద పడ్డాడు. గుమ్మంలో చెప్పుల మధ్య ఎంత దూరం ఉండాలో ఆయనకు లెక్కుంది. ముల్లంగి ముక్క ఎంత మందం ఉండాలో లెక్కుంది. ఇక తీగ సంగతి చెప్పేదేముంది. నడుముకు తోలు ఒర, ఒరలో కత్తెర, చేతిలో స్కేలు లేకుండా ఆయన పెరట్లో అడుగు పెట్టి ఎవరూ చూడలేదు.

పువ్వు పూయించలేనివాడు ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. వృద్ధుల క్లబ్బులో ఏటా వసంతంలో ఫుజి పెంపకం మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. గోడ మీద బొమ్మలేసి, బెత్తంతో చూపిస్తూ గంటన్నర. వినేవాళ్ళు ఆయన భార్య నొబుయె చేసి పంపిన బియ్యపు ఉండలు తింటూ, టీ తాగుతూ, మధ్యమధ్య కునుకు తీస్తూ వినేవాళ్ళు. మీ తీగ ఎందుకు పూయలేదండీ అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆ ఊళ్ళో మనిషిని అంత మాట అడగడం కన్నా ఉపన్యాసం రెండోసారి వినడం సులువు.

తీగ పూయకపోవడానికి కారణం బ్రహ్మవిద్యేమీ కాదు. ఎండాకాలంలో ఫుజి పొట్టి పొట్టి కొమ్మలు వేస్తుంది. వాటి మొదళ్ళలో వచ్చే ఏడాది పూలకు మొగ్గలు కడుతుంది. చలికాలం వచ్చేసరికి చూస్తే తేడా తెలిసిపోతుంది. సన్నగా మొనదేలినవి ఆకు మొగ్గలు, బొద్దుగా ఉన్నవి పూమొగ్గలు. ఆ పొట్టి కొమ్మలంటేనే ఇసోగాయికి ఒళ్ళుమంట. వంకరగా ఉంటాయి, ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండదు, పందిరి చదును చెడగొడతాయి. అందుకని జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి నిచ్చెనెక్కి ఒక్కటి మిగలకుండా నున్నగా కోసేసేవాడు. కింద రాలినదంతా నొబుయె ఊడ్చి ఎత్తిపోసేది.

ఊడ్చేవాళ్ళకు కనిపించేవి కోసేవాళ్ళకు కనిపించవు. తీగ నాటిన కొత్తలోనే ఆమె చేటలోంచి ఒక ముక్క తీసి చూపించింది.

"ఏమండీ, ఇవి చూడండి, బొద్దుగా ఉన్నాయి. పూమొగ్గలేమో."

"పుస్తకంలో ఏం రాశాడు? అక్కర్లేని కొమ్మలు తీసెయ్యమన్నాడా లేదా?"

"ఏవి అక్కర్లేదో కూడా రాశాడా?"

"అది చూసేవాడికి తెలుస్తుంది," అన్నాడు ఇసోగాయి నిచ్చెన మీద నుంచే.

రెండేళ్ళాగి మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన కిందికి దిగివచ్చి, పుస్తకం తెచ్చి, వేలు పెట్టి చదివి వినిపించాడు. ఆ తర్వాత నొబుయె చెప్పడం మానేసింది. ఊడవడం మానలేదు.

ఆయన మాత్రం తన వంతు ప్రయత్నం తాను చేస్తూనే ఉన్నాడు. నేల మార్పించాడు. గానుగ చెక్క ఎరువు బస్తాల కొద్దీ పోశాడు, దాంతో ఆకులు ఇంకా ఏపుగా పెరిగాయి. ఫుజికి సాకే, అదే బియ్యపు సారా, ఇష్టమని పెద్దలంటారు గదా అని మొదట వంటకు వాడే సాకే పోశాడు, తర్వాత కొత్త సంవత్సరానికి దాచిన మంచి సీసా పోశాడు. తీగ రెండూ తాగింది, గుటక వేసిన ఆనవాలు కూడా చూపించలేదు.

ఇక గోడ సంగతి. పెరటి వెనక ఇల్లు మినెగిషి ఫుమిది. మొగుడు పోయిన మనిషి, కుక్కా ఉల్లి మళ్ళూ తోడు. నోరు మంచిదే గానీ మొహమాటం తక్కువ. పదేళ్ళ కిందట ఇసోగాయి ఊరికే ఉండలేక టేపు పట్టుకుని హద్దు కొలిచి, ఆమె దడి రెండు వేళ్ళ మందం తన వైపుకు వచ్చిందని తేల్చాడు. ఆమె దడి పీకి రెండు వేళ్ళు వెనక్కి పాతుకుంది. పాతుకుంటూ ఆయన గురించి వీధంతా వినబడేలా నాలుగు మాటలంది. ఇసోగాయి ఆ మొహం చూడకూడదని ఇటుక గోడ కట్టించి, దాని మీద నిలువెత్తు ఇనుప రేకులు బిగించాడు. బిగించేనాటికే తీగలో మణికట్టంత కొమ్మ ఒకటి మూలనున్న సందులోంచి అటువైపు వెళ్ళిపోయింది. లావుపాటి కొమ్మ నరకొద్దని పుస్తకంలో ఉంది కాబట్టి దాన్ని వదిలేశాడు.

అది ఫుమి బట్టలారేసుకునే వెదురు దాకా పాకింది. ఆమె వీధిలో ఆయన్ని పట్టుకుంది.

"ఇసోగాయి గారూ, మీ తీగ నా దుప్పట్లను ఆరనివ్వట్లేదు. వచ్చి కోసుకోండి."

"ఆకు రాలాక చూద్దాంలెండి."

"పోనీ నేను కోసేయనా?"

ఇసోగాయి గొంతు సవరించుకున్నాడు. చట్టం ఆయనకు కొట్టిన పిండి. "హద్దు దాటిన కొమ్మను కోసే హక్కు మీకు లేదు. అది నా ఆస్తి. కత్తెర పెడితే కోర్టు దాకా పోతుంది."

"మరి వేళ్ళు? నా ఉల్లి మళ్ళ నిండా మీ చెట్టు వేళ్ళే."

"వేళ్ళు వేరే. హద్దు దాటిన వేళ్ళను కోసుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది."

ఆమె ఆ మాట చెవిన వేసుకుంది. మర్నాడు రంపం పట్టుకుని కూర్చుని, చట్టం ఒప్పుకున్నంత మేరా కసిదీరా కోసింది. కొమ్మ గురించి ఇంకో రెండుసార్లు అడిగింది. ఇసోగాయి వెళ్ళలేదు. వెళ్ళాలంటే ఆమె గుమ్మంలో నడుం వంచి "లోపలికి రావచ్చా" అనాలి, దానికి ఆయన ప్రాణం ఒప్పలేదు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. బుద్ధొచ్చింది అనుకున్నాడు ఇసోగాయి.

ఆమె అడగడం మానేసింది పూలొచ్చినందుకు. వేళ్ళు తెగిన ఫుజి ప్రాణభయంతో పూస్తుందని తోటపని చేసేవాళ్ళందరికీ తెలుసు. పైగా అటువైపు కొమ్మను కోసే హక్కు ఆమెకు లేదు, కోసే ధైర్యం ఈయనకు లేదు. ఎవరి చెయ్యీ పడని ఆ కొమ్మ మొగ్గలన్నీ నిలబెట్టుకుని ఏటేటా విరగబూయడం మొదలెట్టింది. రేకులకు ఇవతల ఆకులు, అవతల పూలు.

వీధంతటికీ తెలుసు. వెనక సందులోంచి పోయే ప్రతివాడూ ఆగి చూసేవాడు. ఇసోగాయి ఆ సందులోకి వెళ్ళడు. వాసన వస్తే హచిమాన్ గుడిలోని పాత తీగ నుంచి అనుకునేవాడు, తుమ్మెదలు వస్తే దారి తప్పాయనుకునేవాడు. మే నెలలో ఊదారంగు రేకలు తన పెరట్లో రాలితే ఒళ్ళు మండి, ఇంటింటికీ తిరిగే నోటీసు ఫైలులో ఒక కాగితం పెట్టాడు. "హచిమాన్ గుడి తీగ పూరేకలు గాలికి కొట్టుకొచ్చి ఇళ్ళలో పడుతున్నాయి. నిర్వహణలో లోపముంది. సంబంధితులు గమనించాలి." ఫైలు ఇరవై రెండిళ్ళు తిరిగింది. ఇరవై రెండిళ్ళ వాళ్ళూ చదివి, చూశాం అన్నట్టు కింద ఎవరి ముద్ర వాళ్ళు వేశారు. ఫుమి కూడా వేసింది. ఇసోగాయి ఇంటి ముద్ర వేసింది నొబుయె. ఒక్కరూ కిమ్మనలేదు.

ఇలా ఉండగా హేసే పదిహేనో ఏడు, అంటే 2003లో, శరత్కాలంలో గుడి తీగను చూసుకునే ముసలాయన పోయాడు. హచిమాన్ గుడి తీగ వందేళ్ళు దాటినది. పూసిందంటే పక్క ఊళ్ళ నుంచి జనం వస్తారు. దాని బాధ్యత ఎవరికిస్తే వాళ్ళకు పండగనాడు గుడి పెద్దల పక్కన చాప మీద చోటుంటుంది. ఆ చోటు కోసం ఇసోగాయి ఎన్నేళ్ళ నుంచి కాచుకున్నాడో నొబుయెకు తెలుసు. దరఖాస్తు పెట్టిన రోజునే గళ్ళ కాగితం మీద గుడి తీగ బొమ్మ గీశాడు. ఏ కొమ్మలు తీసెయ్యాలో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాడు. కాగితమంతా ఎర్రబడింది. నొబుయె టీ పెట్టడానికి వచ్చి ఆ కాగితం చూసి, ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

గుడి పెద్దలు ఒక్క షరతు పెట్టారు. అభ్యర్థి తన ఇంట్లో పూయించిన తీగను చూపించాలి. వసంతంలో వచ్చి చూస్తాం అన్నారు.

ఇసోగాయి కంగారు పడ్డాడు గానీ అధైర్యపడలేదు. జనవరి పదిహేనున, కాయని పండ్లచెట్టును బెదిరించే పాత ఆచారం ఒకటుంది. దాన్ని ఫుజికి ఎవరూ చెయ్యరు. ఈయన చేశాడు. తను గొడ్డలి పట్టుకున్నాడు. చెట్టు తరఫున బదులు చెప్పడానికి నొబుయెను మొదలు వెనక నిలబెట్టాడు. మాటిచ్చిన చెట్టుకు పెట్టే ఎర్ర చిక్కుడు గింజల జావ గిన్నెలో సిద్ధంగా ఉంది.

"పూస్తావా, పూయవా?" అని గొడ్డలెత్తాడు.

నొబుయె చలికి చేతులు చంకల్లో పెట్టుకుని "పూస్తాను" అంది.

"రెండుసార్లనాలి. గట్టిగా."

"పూస్తాను, పూస్తాను. ఆ పొట్టి కొమ్మలు కోయకపోతే పూస్తాను."

ఇసోగాయి గొడ్డలి దించాడు. "చెట్టు అంత మాట్లాడదు."

"గొడ్డలి చూసి నోరు లేచిందేమో."

"మళ్ళీ మొదట్నుంచి. నీ సొంతవి కలపొద్దు."

రెండోసారి ఆమె సొంతవి కలపలేదు. ఇసోగాయి తృప్తిగా మొదలుకు జావ పూశాడు. జనవరి కాబట్టి, నిచ్చెన ఎలాగూ బయటే ఉంది కాబట్టి, ఆ మధ్యాహ్నమే ఎక్కి పొట్టి కొమ్మలన్నీ నున్నగా కోసేశాడు. నొబుయె చీపురు తెచ్చుకుంది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన పెద్దలు ముగ్గురొచ్చారు. వాళ్ళలో మాట చెల్లేది ఒగివారా గారిది. ఎనభై రెండేళ్ళ మనిషి, చేతిలో కర్ర, సంచిలో ముద్ర. ఇసోగాయి ఈ ఏడు మంచు ఆలస్యంగా కురిసిందని, ఉత్తరపు గాలి మొగ్గను మాడ్చేసిందని చెప్పడానికి రెండు పేజీలు రాసి పెట్టుకున్నాడు. ఒగివారా గారు గుమ్మంలోనే ఆయన చేతులు పట్టుకున్నారు.

"ఏం పూత అండీ అది. ఒక్కో గుత్తి మీటరు పొడవుంది. మా గుడిదే ఈ ఏడు అంత లేదు."

ఎగతాళి చేస్తున్నారనుకుని ఇసోగాయి ముఖం ఎర్రబడింది. "ఈ ఏడు మంచు..." అని మొదలెట్టాడు.

"అటువైపండీ," అన్నారు ఒగివారా గారు గోడకేసి కర్ర చూపించి. "మేం వెనక సందులోంచి వచ్చాం. ఎంత వినయమండీ మీది, పూలన్నీ పక్కింటి వాళ్ళకిచ్చి ఆకులు మీరుంచుకున్నారు."

ఇసోగాయి తను రాసుకున్న రెండు పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్దలు బయల్దేరితే వాళ్ళ వెనకే నడిచాడు. ముందు నడుస్తున్నది నొబుయె. ఆ సందులో ఏ మూల గుంత ఉందో ఆమెకు తెలుసని ఆయన అప్పుడు గమనించాడు. ఫుమి కుక్క నొబుయె కాళ్ళు నాకింది, ఆయన్ని చూసి మొరిగింది. పదేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మంలో ఇసోగాయి నడుం వంచాడు. ఫుమి "రండి రండి, మీ చెట్టే కదా" అంది.

వసారాలో కూర్చోవడానికి నాలుగు దిండ్లు వేసి ఉన్నాయి. ఐదోది, వాడి వాడి నలిగినది, నొబుయె తనంతట తనే మూలనుంచి లాక్కుని కూర్చుంది. ఆమెకు ఆ ఇంట్లో విడిగా టీ కప్పు కూడా ఉంది.

ఇసోగాయి కూర్చోలేదు. పూల కింద నిలబడ్డాడు. బట్టల వెదురు మీద నుంచి, సామాన్ల పాక మీద నుంచి, ముసలి పండ్లచెట్టు మీద నుంచి ఊదా గుత్తులు కిందికి జారుతున్నాయి. తుమ్మెదల రొద. మెడ మీద చల్లగా ఒక గుత్తి తగిలింది. అది తను నాటిన మొక్క. పందొమ్మిదేళ్ళుగా తను ఎదురుచూసిన పువ్వు. ఆయన గొంతు నిజంగానే పూడుకుపోయింది. ఇంకో నిమిషం అలా వదిలేసి ఉంటే బహుశా ఏడ్చేవాడు.

ఒగివారా గారు వదల్లేదు. "పద్ధతేమిటో చెప్పండి ఇసోగాయి గారూ. గుడి తీగక్కూడా అదే పెడదాం."

పూడుకుపోయిన గొంతు చప్పున తెరుచుకుంది. "పద్ధతంటే... ఒకవైపు అదుపు, ఒకవైపు స్వేచ్ఛ. ఇది ఏళ్ళ తరబడి పరిశీలన మీద తేలిన విషయం. అటువైపు ఎప్పుడు ఎంత వదలాలి అన్నది..."

"పరిశీలించారా," అంది ఫుమి టీ పోస్తూ. "ఆ గోడ రేకుల్లోంచా?"

ఇసోగాయి ఆ మాట వినబడనట్టు జేబులోంచి గళ్ళ కాగితం తీసి పరిచాడు. "గుడి తీగ చాలాకాలంగా నిర్లక్ష్యానికి గురైంది. మొదటి ఏడు మొత్తం అదుపు చెయ్యాలి." ఎర్ర గీతలు చూసి పెద్దల్లో ఒకాయనకు కొద్దిగా అనుమానం వచ్చింది గానీ తలపైన వేలాడుతున్న పూలు చూసి సర్దుకున్నాడు. ఒగివారా గారు సంచిలోంచి నియామకం కాగితం తీశారు. ముద్ర తీశారు. ముద్రకు సిరా అద్దారు.

నొబుయె కప్పు కింద పెట్టింది.

"ఒగివారా గారూ, ఒక్కమాట. ఇది ఆయన చెయ్యి అందని వైపండీ. అందుకే పూసింది."

ఆమె గొంతు పెంచలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూరల బేరమాడినంత మామూలుగా చెప్పింది.

"మా వైపు కూడా మొగ్గలొస్తాయండీ, ప్రతి ఏడూ వస్తాయి. ఆయన కోస్తారు, నేను ఎత్తి పారబోస్తాను. పందొమ్మిదేళ్ళుగా పూలన్నీ పారబోసింది నేనే. గుడి తీగ కూడా ఎత్తి పారబోయమంటే నావల్ల కాదు. అది చచ్చిపోతే మళ్ళీ అంతది కావడానికి వందేళ్ళు, అప్పటికి మనమెవరమూ ఉండం."

ఇసోగాయి "నొబుయె" అన్నాడు.

ఒగివారా గారు కాగితం నెమ్మదిగా మడిచి సంచిలో పెట్టుకున్నారు. ముద్రకు అంటిన సిరాను చేతిరుమాలుతో తుడుచుకున్నారు. "ఆలోచించి కబురు చేస్తాం," అన్నారు. ఆ ఊళ్ళో ఆ మాట తర్వాత ఏ కబురూ రాదని అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దలు మరోసారి పూలు చూసి, టీ బాగుందని చెప్పి వెళ్ళిపోయారు. ఫుమి వాళ్ళను సాగనంపే వంకతో గుమ్మం దాకా వెళ్ళి అక్కడే కుక్కతో కాలక్షేపం చేసింది.

ఇసోగాయి చిట్టచివరికి దిండు మీద కూర్చున్నాడు. ఆయనకు సిగ్గుగా ఉంది. కోపంగా కూడా ఉంది, ఆ రెంటిలో కోపమే వాడుకోవడానికి తేలిక.

"ఎన్నేళ్ళ నుంచి పూస్తోంది?"

"ఏడేళ్ళు."

"ఏడేళ్ళుగా ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నావు."

"పూసినన్నాళ్ళూ వస్తాను. మిగతా రోజుల్లో అప్పుడప్పుడూ."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా నాకు. ఎవరి చెట్టు ఇది? పందొమ్మిదేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూశాను. పేరెందుకు, చాప మీద చోటెందుకు, ఒక్కసారి చూసేవాణ్ణి కదా."

అది అబద్ధం కాదు. అది నొబుయెకూ తెలుసు. అందుకే ఆమె ముందుగా ఆయన మోకాలి మీద పడిన రేకలు రెండు తీసి పక్కన పెట్టింది.

"చెబితే ఆ సాయంత్రమే నిచ్చెన తెచ్చేవారండీ."

ఆయన కాదనడానికి నోరు తెరిచాడు. తల ఎత్తి పూల కేసి చూశాడు. ఎడమ పక్క ఒక గుత్తి మిగతావాటి కన్నా జానెడు పొడవుగా, వరసకు అడ్డంగా వేలాడుతోంది. ఆ వసారాలో అడుగు పెట్టిన క్షణం నుంచీ, గొంతు పూడుకుపోయినప్పుడు కూడా, అది తన కంటికి గుచ్చుకుంటూనే ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇసోగాయి నోరు మూసుకున్నాడు. నొబుయె ఆయన కప్పులో టీ పోసింది.